రెండు జెర్సీలు, ఒక పద్దు
(అమెరికాలోని ఫ్రిస్కో నుంచి డైరీ పుటలు)

సెప్టెంబరు 2, 2025, మంగళవారం

లేబర్ డే సాకర్ టోర్నమెంట్ నిన్నటితో అయిపోయింది. ఎండ మన హనుమకొండ మే నెల ఎండే. ఒక్కో సగంలో రిఫరీ ఆట ఆపించి పిల్లలతో నీళ్లు తాగించాడు. వాషింగ్ మెషీన్ నిండా జెర్సీలు: క్లబ్‌ది నీలం, రెక్ జట్టుది నారింజ. ఈ సీజన్‌లో పాప రెండింట్లోనూ ఆడుతోంది.

అత్తమ్మకి ఈ తేడా చెప్పడానికి చాలాసేపు పట్టింది. రెక్ అంటే పేరు రాయించుకుంటే చాలు. ఎవరో ఒక పిల్ల నాన్నే కోచ్. వచ్చిన ప్రతి పిల్లకీ కనీసం సగం ఆట ఇవ్వాలి. 1964లో కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లల సాకర్ సంస్థ ఏవైఎస్‌ఓ అందరూ ఆడాల్సిందేనన్న సూత్రం మీదే నడిచింది, మా రెక్ లీగ్‌దీ అదే దారి. మా నీలం క్లబ్ లాంటి సెలెక్ట్ జట్టయితే ట్రైఅవుట్స్‌లో ఎంపిక కావాలి. కోచ్ జీతం తీసుకుంటాడు, ఫీజు వేల డాలర్లు. ఎవరు ఎంతసేపు ఆడాలన్నది ఆయన ఇష్టం.

అంతా విని, "మరి డబ్బు కట్టినకాడ తక్కువ ఆడుడేంది బిడ్డా?" అంది అత్తమ్మ. నా దగ్గర జవాబు లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

నిన్న పొద్దున నారింజ, ఇవాళ మధ్యాహ్నం నీలం. రెండూ అండర్-12 ఆటలే. జట్టుకి తొమ్మిది మంది, అరగంట చొప్పున రెండు భాగాలు. మైదానం కొలతలు ఒకటే, బంతి సైజు ఒకటే, అయినా పాప ఆడేది రెండు వేరు వేరు ఆటలు.

నారింజలో ఫార్వర్డ్. బంతి దొరికితే చాలు, గోలు వైపు పరుగు. కోచ్ నాన్న గట్టు మీద నుంచి "కొట్టేయ్, కొట్టేయ్" అంటాడు. నీలంలో లెఫ్ట్ బ్యాక్. అక్కడ బంతిని గుడ్డిగా బయటికి తన్నితే కోచ్ మొహం మారిపోతుంది. గోల్‌కీపర్ దగ్గర అందుకుని, తలెత్తి చూసి, పక్కవాళ్లకి పాస్ ఇచ్చి ముందుకి నడిపించాలి. ఈ తిరకాసు దాన్ని ఇబ్బంది పెడుతుందనుకున్నాను. అది మాత్రం తెలుగు, ఇంగ్లీషు మార్చి మాట్లాడినంత తేలిగ్గా మారిపోతోంది. ఇవాళ లెఫ్ట్ బ్యాక్ నుంచే బంతి తీసుకుని సగం మైదానం దాటింది. అది రెక్‌లో వచ్చిన ధైర్యమే. నీలం కోచ్ చప్పట్లు కొట్టాడు.

కాబట్టి రెండో జట్టు వృథా అని ఎవరన్నా ఒప్పుకోను. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట భయం లేకుండా వాడి చూసుకుంటోంది.

సెప్టెంబరు 18, గురువారం

పాపకి పదకొండు నిండాయి. ఇవాళ నీలం ప్రాక్టీసులో మొదటిసారి తలతో బంతి కొట్టించారు. ఇంటికొచ్చి నుదురు చూపించి గర్వపడింది. తర్వాత మామూలుగా, "నిన్న రెక్‌లో కూడా చేశాం అమ్మా" అంది.

హెడింగ్ మీద, అంటే తలతో బంతి కొట్టడం మీద, అమెరికా సాకర్ ఫెడరేషన్ 2015 నవంబరులో నియమం ప్రకటించింది. పదేళ్లు, అంతకులోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదు. 11 నుంచి 13 ఏళ్లవాళ్లకి ప్రాక్టీసులో హెడింగ్ వారానికి 30 నిమిషాలు దాటకూడదు, ఒక్కో పిల్ల 15–20 సార్లకు మించి కొట్టకూడదు. మెదడు అదిరే దెబ్బల గురించి తల్లిదండ్రులు కోర్టు దాకా వెళ్లిన తర్వాత వచ్చిన నియమం ఇది.

నీలం కోచ్ నియమం తప్పలేదు, నారింజ కోచ్ కూడా తప్పలేదు. ఇద్దరూ హద్దులోనే ఉన్నారు. కానీ రెండు చోట్లా దెబ్బ తిన్న తల ఒకటే. నియమం పిల్లని చూసి రాశారు, అమలు మాత్రం జట్టుని చూసి జరుగుతోంది. రెండూ కలిపి లెక్కవేయడం ఎవరి పనీ కాదు.

రేపు రెక్ కోచ్‌కి చెప్పాలి: మా అమ్మాయికి హెడింగ్ నీలంలోనే, మీరు చేయించొద్దని.

సెప్టెంబరు 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. తంగేడు దొరకదు కాబట్టి ఇక్కడి దుకాణాల్లో దొరికే బంతి, చామంతితోనే పేర్చాం. మంగళవారం కనుక నీలం ప్రాక్టీసు ఉంది. రాదని పొద్దున్నే కోచ్‌కి మెసేజ్ పెట్టాను. పండుగ శుభాకాంక్షలు చెప్పాడు, అంతే. ఇంత తేలికని తెలియక ఎంతమంది తల్లులు పండుగ పూట పిల్లల్ని పట్టుచీర బదులు క్లీట్స్‌తో నిలబెడుతున్నారో!

బతుకమ్మ ఆట ముగిసి అందరం కూర్చున్నాక ఈ రెండు జట్ల గొడవంతా అత్తమ్మకి చెప్పాను. మామయ్యది చౌరస్తాలో కిరాణా కొట్టు, ముప్పై ఏళ్లు ఆమె చేతులతోనే ఖాతా పుస్తకం రాసింది. "రెండు దుకాణాల్ల ఖాతా పెట్టుకున్న ఇల్లసొంటిది ఇది" అంది. "ఏ షావుకారుకైనా తన బాకీ ఒక్కటే ఎరుక. మొత్తం ఎంతయిందో ఇంటామెకే ఎరుక. ఆమె కూడ రాసుకోకపోతే ఇగ ఎవ్వలకూ ఎరుక కాదు."

పాప పడుకున్నాక ఒక కాగితం తీసుకుని వారం మొత్తం రాశాను. సోమవారం గంటసేపు స్కిల్స్ క్లినిక్. మంగళ, గురువారాలు నీలం ప్రాక్టీసు, గంటన్నర చొప్పున. బుధవారం నారింజ ప్రాక్టీసు ఒక గంట. శనివారం ఒక ఆట, ఆదివారం ఒక ఆట. మొత్తం ఏడు గంటలు. ఖాళీ రోజు శుక్రవారం ఒక్కటే. వానకి ఆట వాయిదా పడితే అదీ ఉండదు.

అక్టోబరు 12, ఆదివారం

నీలం జట్టుకి మళ్లీ టోర్నమెంట్. నిన్న రెండు ఆటలు, ఇవాళ ఒకటి. నిన్న పొద్దున నారింజకీ ఆట ఉంది. వద్దన్నాను. ఒక గంట మొహం ముడుచుకుంది.

జట్టులో ఇంకో పిల్ల నెల రోజులుగా మడమ నొప్పితో కుంటుతోంది. క్లబ్, రెక్, బడిలో క్రాస్ కంట్రీ పరుగు, అన్నీ ఆ పిల్లకే. డాక్టర్ సీవర్స్ డిసీజ్ అన్నారట. పేరు వింటే భయమేస్తుంది గానీ అది రోగం కాదు. ఎదిగే పిల్లల మడమ ఎముక చివర ఇంకా గట్టిపడని పలక ఒకటి ఉంటుంది. పిక్క కండరం స్నాయువు పట్టుకుని దాన్ని వెనక నుంచి లాగుతుంటుంది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎముక త్వరగా పొడవు పెరుగుతుంది, కండరం దాన్ని అందుకోలేదు. ఆ సమయంలో పరుగులూ గెంతులూ ఎక్కువైతే పలక వాచి నొప్పి పెడుతుంది. ఎదుగుదల పూర్తయితే పోతుంది. అప్పటిదాకా విశ్రాంతి, పిక్కకి సాగదీత, బూటులో మడమ కింద మెత్త.

మంచం మీద కూర్చుని చదివాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లోనే చెప్పింది: వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా ఖాళీ, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆట నుంచి సెలవు, సీజన్‌కి ఒకే జట్టు. రెండో జట్టు ఉంటే దాని సమయాన్నీ ఈ లెక్కలోనే కలపాలి. డాక్టర్ నీరూ జయంతి బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో కొలత ఉంది. వారానికి తన వయసు కన్నా ఎక్కువ గంటలు ఆడే పిల్లల్లో అతివాడకం వల్ల వచ్చే తీవ్ర గాయాలు ఎక్కువట.

మా కాగితం తీసి చూశాను. పదకొండేళ్ల పిల్లకి ఏడు గంటలు, హద్దులోనే ఉన్నాం. చిక్కు ఉన్నది రోజుల్లో. శుక్రవారం ఒక్కటే, అదీ గ్యారంటీ లేదు. ఇన్నాళ్లూ నేను గంటలు కొలుస్తున్నాను, మడమకి కావలసింది రోజులు.

అక్టోబరు 21, మంగళవారం

దీపావళి మర్నాడు. రాత్రి ఆయనతో వాదన. ఆయన మాట: "ఒకటి మానిపిస్తే సరి. రెక్ ఎలాగూ కాలక్షేపమే."

నా జవాబు ఇది. రెండు జట్ల భారం కలిపి చూసేవాళ్లు లేకపోవడమనే చిక్కు పెద్దవాళ్ల ఆటలోనూ ఉంది. ఫీఫా నియమాల ప్రకారం ఆటగాడు ఒకసారి ఒక క్లబ్‌లోనే నమోదై ఉండాలి. ఒక సీజన్‌లో మూడు క్లబ్బులకు మించి నమోదు కాకూడదు, అధికారిక ఆటలు రెండింటికే ఆడాలి. అయినా దేశం జట్టు వేరే ఉంటుంది కదా. స్పెయిన్ ఆటగాడు పెడ్రికి పద్దెనిమిదేళ్లప్పుడు, 2020–21లో, బార్సెలోనా సీజన్, దాని వెనకే స్పెయిన్‌తో యూరో, దాని వెనకే టోక్యో ఒలింపిక్స్. అన్నీ కలిపి డెబ్బైకి పైగా ఆటలు. మరుసటి సీజన్‌లో తొడ కండరం గాయాలతో నెలల తరబడి కూర్చున్నాడు. బార్సెలోనా లెక్క బార్సెలోనాది, స్పెయిన్ లెక్క స్పెయిన్‌ది. కోట్ల యూరోల ఆటగాడికే పద్దు కలిపి చూసేవాళ్లు కరువైతే, మా పిల్ల సంగతి చెప్పాలా?

నిషేధం పెడితే తేలుతుందా అంటే, ఆ దారీ ఈ దేశం చూసింది. అమెరికా సాకర్ వాళ్ల డెవలప్‌మెంట్ అకాడమీ 2012 నుంచి పది నెలల సీజన్ పెట్టి, తమ పిల్లలు హైస్కూల్ జట్టుకి ఆడకూడదంది. ఎందరో పిల్లలు బడి స్నేహితుల జట్టా, అకాడమీయా అని తేల్చుకోవలసి వచ్చింది. 2020లో ఆ అకాడమీయే మూతపడింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కోసేసింది మాత్రం పిల్లకి నచ్చిన సగాన్ని.

ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టూ కాదు.

నవంబరు 3, సోమవారం

నిన్న గడియారాలు వెనక్కి తిప్పాం. ఆరు గంటలకే చీకటి. క్లినిక్ నుంచి వస్తుంటే కారులో పాపని అడిగాను, ఒకటే ఉంచుకోవాలంటే ఏది అని.

"రెక్." ఆలోచించనే లేదు.

"ఎందుకు?"

"అక్కడ గోల్ మిస్సయితే అందరం నవ్వుకుంటాం. నీలంలో బెంచీ మీద కూర్చోవాలి." కాసేపాగి, "కానీ నీలంలోనే బాగా నేర్పిస్తారు. రెండూ ఉంచు అమ్మా" అంది.

దాని మాటల వెనక ఇంకో సంగతీ ఉంది. నారింజ జట్టంతా దాని క్లాసు పిల్లలే. కొందరు 2015లో పుట్టినా పై వయసు గుంపులో ఆడుతున్నారు. ఇన్నాళ్లూ సాకర్ వయసు జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా లెక్క, బడి లెక్క వేరు. సెప్టెంబరులో పుట్టిన మా పిల్ల ఐదో తరగతి, నీలంలో చాలామంది ఆరో తరగతి. అక్కడ స్నేహాలు అంటుకోకపోవడానికి అదే కారణం. 2026–27 సీజన్ నుంచి వయసు లెక్క ఆగస్టు 1 నుంచి జులై 31కి మారుతోంది. అప్పుడు తను ఇంకో ఏడాది అండర్-12లోనే ఉంటుంది, చుట్టూ తన క్లాసువాళ్లే ఉంటారు. స్నేహితుల కోసమే రెండో జట్టు పట్టుకున్న పిల్లల్లో కొందరికి ఆ అవసరం దానంతటదే తీరిపోవచ్చు.

ఇంకోటి గమనించాను. ఏది ఉంచాలని అడిగినప్పుడు రెక్, నీలం అంది గానీ, సోమవారం క్లినిక్ పేరు ఎత్తనే లేదు. క్లినిక్ ఎవరు కావాలన్నారు? మే నెలలో ఎవరో చేర్పిస్తున్నారని మేమూ చేర్పించాం. దానికి జట్టు లేదు, జెర్సీ లేదు, అందుకే ఎవరి కంటా పడలేదు.

నవంబరు 16, ఆదివారం

రెండు జట్ల సీజన్లూ ముగిశాయి. నీలం మధ్యలో ఎక్కడో నిలిచింది. నారింజ పాయింట్లు ఎవరూ రాసుకోలేదు. పిల్లలకి డోనట్లు, పతకాలు ఇచ్చారు. ఇండోర్ లీగ్ వాళ్ల మెయిల్ అప్పుడే వచ్చింది, డిసెంబరు నుంచి మొదలట. చేర్పించడం లేదు.

ఆయన, నేను, పాప కూర్చుని వసంతానికి రాసుకున్నది:

సోమవారం క్లినిక్ మానేస్తున్నాం. సోమ, శుక్రవారాలు రెండూ ఖాళీ. వాయిదా పడ్డ ఆటలు ఆ రోజుల్లో పెడితే వెళ్లం.

హెడింగ్ నీలంలో మాత్రమే. రెక్ కోచ్ ఒప్పుకున్నారు. మిగతా పిల్లల్లో క్లబ్‌కి ఆడేవాళ్లు ఎవరున్నారో ఆయనే అడిగి తెలుసుకుంటున్నారు.

ఒక రోజు ఒకే ఆట. టోర్నమెంట్ ఉన్న వారం నారింజ లేదు. టోర్నమెంట్ సీజన్‌కి ఒకటే, అందులో మాత్రమే ఒక రోజు రెండు ఆటలకి ఒప్పుకుంటాం.

మడమ, మోకాలు నొప్పి అంటే దాచకూడదు. చెప్పినందుకు ఎవరూ కోప్పడరు. (ఇది పాప రాయించింది.)

ఈ కాగితం నకలు ఇద్దరు కోచ్‌లకీ పంపాను. నీలం కోచ్‌కి నారింజ సంగతి తెలియడం ఇదే మొదటిసారి. ఆయన వెంటనే జవాబిచ్చాడు: నారింజ ఆట శనివారం ఉందని తెలిస్తే గురువారం పరుగులు తగ్గిస్తానన్నాడు. అడగాల్సింది ఇంతేనన్నమాట.

నేను తేల్చుకున్నది ఇది. పదకొండేళ్ల పిల్ల రెండు జట్లకి ఆడొచ్చు. కాకపోతే ఆ రెండింటికీ కలిపి ఒకే పద్దు ఉండాలి, దాన్ని రాసేది ఇంట్లోవాళ్లే అయ్యుండాలి. ఖాళీ రోజులు చాలని వారం ఏ జట్టుకైనా ముందు మేమే లేదని చెబుతాం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి: సాకర్ లేదు.