మొసళ్ళ దీవికి సన్నాహాలు

ఆస్ట్రేలియా మ్యాపులో కుడిచేతి వైపు, పైన, ఒడ్డుని ఆనుకుని చిన్న చుక్కలా ఉంటుంది హించిన్‌బ్రూక్ దీవి. చుక్కే గాని, అందులో 1,121 మీటర్ల ఎత్తున్న కొండ ఉంది, దట్టమైన వర్షారణ్యం ఉంది, మడ అడవులున్నాయి, మొసళ్ళున్నాయి. లేనివల్లా ఊరూ, రోడ్డూ, కిరాణా కొట్టూను. దీవి తూర్పు తీరం వెంట 32 కిలోమీటర్ల కాలిబాట ఒకటుంది. వచ్చే ఆగస్టులో నాలుగు రోజులపాటు దానిమీద నడవాలని మా చెల్లెలూ నేనూ తయారవుతున్నాం.

ఈ మాట వినగానే మావారు పేపరు దించి, "మీ ఇద్దరేనా?" అన్నారు.

"కాదండీ, నలభై మంది దాకా ఉండొచ్చుట" అన్నాను. అబద్ధం కాదు. ఆ బాటమీద ఒక్కసారికి 40 మందికి మించి ఉండకూడదని అక్కడి పార్కువారి నియమం. అందుకే నెలల ముందే పర్మిట్టు తీసుకోవాలి. బ్రిస్బేన్‌లో ఉండే మా చెల్లెలు ఆ పని కానిచ్చేసింది.

"నడవాలంటే తిరుపతి మెట్లున్నాయి కదుటే! పుణ్యమూ వస్తుంది, మొసళ్ళూ ఉండవు" అన్నారు అత్తయ్యగారు.

"అక్కడ చిరుతపులులున్నాయి కదమ్మా" అన్నారు మావారు, నా పక్షమో ఆవిడ పక్షమో తేలకుండా.

పెళ్ళిళ్ళకి సామాను సర్దడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కాని ఇక్కడ కూలీ లేడు, ఆటో లేదు. తిండీ, పడకా, పొయ్యీ, ఆఖరికి ఇల్లు కూడా వీపుమీదే. కట్టెల పొయ్యి వెలిగించకూడదు, చిన్న గ్యాసు స్టవ్వు మోసుకెళ్ళాల్సిందే. చెత్త ప్రతి ముక్కా తిరిగి మోసుకురావాలి. దాంతో వంటింటి త్రాసు ముందు కూర్చుని ఉప్మారవ్వ, అటుకులు, పాలపొడి గ్రాముల్లో తూస్తున్నాను. కందిపొడి ఇక్కణ్ణించే పట్టుకెళదామనుకున్నాను గాని, తినే వస్తువు ఏదైనా సరే అక్కడ దిగగానే అధికారులకి చెప్పి చూపించి తీరాలి. "ఎందుకొచ్చిన గొడవక్కా, ఇక్కడే కొట్టుకుందాం" అంది చెల్లెలు.

ఆ పొడికి మరో శత్రువు కూడా ఉంది. తెల్లతోక ఎలుకలు. సంచులే కాదు, ప్లాస్టిక్ డబ్బాలు కూడా వాటికి ఒక లెక్క కాదట. అందుకని బసచేసే చోట్ల లోహపు పెట్టెలు పెట్టారు. ఇక మొసళ్ళ నియమాలు వేరే. గుడారం నీటికి దూరంగా వేసుకోవాలి. ఒడ్డున గిన్నెలు కడగకూడదు. రోజూ ఒకే వేళకి ఒకే చోట నీళ్ళ దగ్గరికి వెళితే మన అలవాటుని మొసలి కనిపెడుతుందిట! ఇరవై రెండేళ్ళుగా నేను ఒకే వేళకి ఒకే సింకు దగ్గర నిలబడుతున్నాను, మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు.

దూరాల లెక్క కూడా మన లెక్క కాదు. నీనా బే నించి లిటిల్ రాంసే బే రెండున్నర కిలోమీటర్లే, దానికి రెండు గంటలు పడుతుందిట. అన్నీ బండరాళ్ళు. మర్నాటి నడక పదిన్నర కిలోమీటర్లు.

ఫోను చాలాచోట్ల పలకదు. ప్రాణం మీదికొస్తే మీట నొక్కి ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరం ఒకటి ఉంటుందని చెబితే మావారు ఆశగా, "మేం కూడా నొక్కొచ్చా?" అని అడిగారు. ఇటునించి నొక్కడానికి లేదండీ, గ్యాసు అయిపోతే రెండో సిలిండరు బాల్కనీలో ఉంది అని చెప్పాను.

నిజానికి ఆ ఫోను పలకని నాలుగు రోజుల కోసమే ఈ ప్రయాణం. 2021లో అమ్మ పోయినప్పుడు ఆస్ట్రేలియా సరిహద్దులు మూసి ఉన్నాయి. చెల్లెలు రాలేకపోయింది. అంతా ఫోను తెరమీదే చూసింది. ఆ తరవాత మా ఆదివారం మాటలు బీపీ దగ్గర మొదలై పిల్లల చదువుల దగ్గర ఆగిపోతాయి. ఆస్పత్రిలో అమ్మ ఆఖరి పదిరోజుల ఊసు ఇద్దరం ఎత్తలేదు. పర్మిట్టు పంపుతూ అది రాసింది: "బరువు తగ్గుతుందని ఒకటే టెంటు తీసుకుంటున్నా. మొదటి రాత్రి నువ్వు మొదటిరోజు నించీ చెప్పాలక్కా. నేను ఏడిస్తే ఆపకు."

చెబుతాను. అయితే అమ్మ రోజూ అడిగిన ప్రశ్న ఒకటుంది, "చిన్నది బయల్దేరిందా?" అని. అది కూడా చెప్పాలా, ఇక్కడే వదిలెయ్యాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఉప్మారవ్వలాగా తూచి చూసుకునేది కాదు కదా.

ఆ బాట పేరు థోర్స్‌బోర్న్ బాట. ఆర్థర్, మార్గరెట్ థోర్స్‌బోర్న్ అని భార్యాభర్తలు. న్యూగినీ వైపునించి గుడ్లు పెట్టడానికి వచ్చే తెల్లపావురాళ్ళని జనం తుపాకులతో కాలుస్తూంటే సహించలేక, 1965లో పక్కనే ఉన్న బ్రూక్ దీవుల్లో వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి లెక్కపెట్టారు. ఆయన పోయాక బాటకి ఆయన జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. ఆవిడ 2018 దాకా ఉంది. "ఇద్దరూ లెక్కపెడితే పేరు ఆయనకేనా?" అని నేను నసిగితే, "ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటేగా, సర్దుకో అక్కా" అంది చెల్లెలు. నేను సర్దుకోలేదు.

నిన్న అది ఆటుపోట్ల పట్టిక పంపింది. ఆఖరిరోజు ములిగన్ వాగుని నీరు తీసిన వేళ చూసి దాటాలి. ఆలస్యమైతే జార్జి పాయింట్ దగ్గర పడవ అందదు. ప్రస్తుతం నేను సాయంత్రాలు ఎనిమిది కేజీల బియ్యం వీపున వేసుకుని డాబా మెట్లు ఎక్కి దిగుతున్నాను. కిందింటావిడ రెండు రోజులు చూసి, మూడోరోజు ఆగలేక, "బియ్యం పైన ఎండబెడుతున్నారా వదినగారూ?" అని అడిగింది. అవునన్నాను. వచ్చే వారం పది కేజీలు.