తడిసిన పిక్కలు

కృష్ణదేవిపేట అంటే లోకానికి అల్లూరి సీతారామరాజు సమాధి. మాకు జీడితోట కూడాను. మొన్నటి వానకు పిక్కలు సగం తడిశాయి. అమ్మాయి కాలేజీ ఫీజుకు అవే ఆధారం. తడివాటిని ఎండువాటిలో కలిపేద్దామని మావారు గోనెలు విప్పారు.

"పొద్దున్న ప్రార్థన చేసిన చేతులు కావూ, నాయనా?" అన్నారు అత్తగారు.

దేవుణ్ణి నమ్మడమంటే ఊరికే కూర్చోవడం కాదనీ, ఆయన చెప్పినట్టు చేసి ఆపైన బెంగ మానడమనీ ఆవిడ లెక్క. చెప్పినంత సుళువా అది! 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డిగ్రాంజిస్ దొరలు సువార్తలను తెలుగు చేయ పూనుకున్నారు; 1812లో అచ్చు పుస్తకం వచ్చేసరికి ఇద్దరూ లేరు. ఆ కథ అత్తగారికి మహా ఇష్టం, నాకైతే భయం.

తడివి వేరుగా, చవగ్గా అమ్మాం. ఫీజుకు ఇంకా తక్కువే పడింది. సోమవారం గడువు. అత్తగారు మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.