కొల్లేటికి కొంచెం చోటు

మేము కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగినవారము. మా కూడూ గుడ్డా చేపలవలననే. గనుక "పక్షుల కోసం మనుషుల పొట్ట కొడతారా?" అని మా ఇళ్ళలో అడిగే ప్రశ్నను తేలికగా తీసివేయలేము.

1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. మా బంధువుల చెరువు కూడా పోయింది, అప్పు మాత్రం మిగిలింది.

అయినను ఒక సంగతి చెప్పాలి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. దారిలో గట్లు వేస్తే ఆ నీరు ఎక్కడికి పోతుంది? మా వరిచేలలోకి, మా వాకిళ్ళలోకి వస్తుంది. ఆటపాకలో పిల్లలను పెంచే గూడబాతుకు, బురదలో బ్రతికే కొరమేనుకు, వల వేసే పల్లెవానికి ఆ నీరే ఆధారము. సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టడాన్ని అభయారణ్యపు ఉత్తర్వు కాదనలేదు కూడా.

నష్టపోయిన పేదవానికి బ్రతుకుతెరువు చూపాలి. పట్టా భూమికి న్యాయమైన పరిహారము అందాలి. ఆ మాట మేము అడుగుతూనే ఉంటాము. అయితే సరస్సును మరల గట్లతో నింపితే ఆ న్యాయము దొరకదు. నీటికి చోటివ్వని ఊరికి నీరు కూడా చోటివ్వదు. మన పిల్లల నిమిత్తము ఆలోచించుదాము.