పదకొండో అంతస్తులో తరవాణి కుండ

గంజి వార్చి అన్నం వండి ఎన్నేళ్లయిందో ఒకసారి గుర్తు చేసుకోండి. నేనైతే పెళ్లయ్యాక ఒక్కసారి కూడా వార్చలేదు. కాపురానికి వచ్చేటప్పుడు సారె సామాను మధ్యలో కుక్కర్ కూడా వచ్చింది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, మూడు విజిల్స్, అంతే. అంత గోల చేసే కుక్కర్, మన వంటిళ్లలోంచి ఒక కుండని మాత్రం చప్పుడు కాకుండా సాగనంపేసింది. అదే తరవాణి కుండ.

ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. ఎసట్లో బియ్యం పోసి, ఉడికాక సిబ్బి మూసి గంజి వార్చేవాళ్లు. ఆ గంజిలో నీళ్లు కలిపి, గుప్పెడు అన్నం, కాస్త రాళ్ల ఉప్పు వేసి మట్టికుండలో ఉంచితే ఎండాకాలంలో రెండు మూడు రోజులకి పులుస్తుంది. ఆ పులిసిన నీళ్లే తరవాణి. రోజూ కొంత వంచుకుని, వంచినంత మేరా కొత్త గంజి పోస్తూ ఉంటే కుండ అలా నడుస్తూనే ఉంటుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, పొద్దున్నే కాస్త వాము, రెండు నిమ్మాకులు నలిపి వేసుకుని, మాగాయ ముక్కతోనో పచ్చి ఉల్లిపాయతోనో తినేవాళ్లు. బెంగాలీల పాంతా భాత్, ఒడిశా వాళ్ల పఖాళ, మలయాళీల పళంకంజి అన్నీ దీని చుట్టాలే.

మా ఇంట్లోకి ఈ మాట మళ్లీ వచ్చింది మా అత్తగారి వల్ల. ఆవిడకి ఎనభై మూడేళ్లు. మామగారు పోయాక తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఒక్కర్తే ఉండలేక కొండాపూర్‌లో మా దగ్గరికి వచ్చేశారు. పదకొండో అంతస్తు. బాల్కనీలో నిలబడితే బొటానికల్ గార్డెన్ చెట్లు, అవతల అద్దాల మేడలు, రాత్రంతా ఆఫీసు క్యాబులు. ఊళ్లో గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించిన మనిషి, ఇక్కడ లిఫ్ట్‌లో ఎవరైనా కనిపిస్తే పలకరించాలో వద్దో తెలియక నా వైపు చూసేవారు.

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి తిండి తగ్గించేశారు. "నోరు చేదుగా ఉందే అమ్మాయ్" అనడం, రెండు ముద్దలు కలిపి కంచం పక్కకి జరపడం. జాకెట్లు వదులైపోయాయి. పరీక్షలన్నీ చేయించాం, జబ్బేమీ లేదన్నారు. ఇడ్లీ, జావ, సూపు, పళ్లరసం అన్నీ అయ్యాయి. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పొద్దున్నే, "కాస్త తరవాణి అన్నం ఉంటే తినేదాన్నేమో" అన్నారు. అంతకు ముందు నెలరోజుల్లో ఆవిడ నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి. డాక్టరుగారిని అడిగితే, ఉప్పు తక్కువ వేసి, శుభ్రంగా చేసి, కొంచెంతో మొదలుపెట్టమన్నారు.

ఇక్కడ మా అబ్బాయి సంగతి కొంచెం చెప్పాలి. వాడు ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా వాడికో పిచ్చి పట్టుకుంది. స్కాట్లండ్‌లో ఒకప్పుడు ఉండి, తర్వాత తయారీ ఆగిపోయిన పాత బీర్లని వంటింట్లో మళ్లీ తయారుచేయడం. మొదటిసారి విన్నప్పుడు మా వారు "వీడు అక్కడికెళ్లి సారా కాస్తున్నాడా" అని తల పట్టుకున్నారు. అక్కడ అది తప్పు కాదట. సొంతానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడైతే ఎక్సైజ్ వాళ్లు తలుపు కొడతారు. మన హైటెక్ సిటీలో పెద్ద పెద్ద రాగి డ్రమ్ములు పెట్టి బీరు అమ్మేవాళ్లకి లైసెన్సు ఉంటుంది, మన వంటింటికి ఉండదు.

ఆదివారం వీడియో కాల్‌లో వాడు చెప్పే కబుర్లు నేను వంట చేసుకుంటూ వింటూ ఉండేదాన్ని. ఎడిన్‌బరోలో ఒకప్పుడు పదుల సంఖ్యలో బ్రూవరీలు ఉండేవట. పీపా ధర ఎన్ని షిల్లింగులో దాన్నిబట్టి అరవై షిల్లింగుల బీరు, డెబ్భై షిల్లింగులది, ఎనభై షిల్లింగులది అని పేర్లు. తర్వాత పెద్ద కంపెనీలు చిన్నవాటిని కొనేయడం, మూసేయడం. కానీ మూసేసిన బ్రూవరీల లెక్కల పుస్తకాలు గ్లాస్గో యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. ఏ రోజు ఎంత బార్లీ, ఎన్ని గంటలు, ఎంత వేడి, అన్నీ రాసి ఉంటాయి. "మరింకేం, చూసి చేసేయడమే కదా" అన్నాను. "కాదమ్మా, పుస్తకంలో ఈస్ట్ ఉండదు కదా, నీళ్లు ఉండవు కదా" అన్నాడు. ఆ ఊరి బీరుకి పేరు తెచ్చినవి అక్కడి బావుల్లోని గట్టి నీళ్లు. ఇప్పుడు కుళాయిలో వచ్చేవి మెత్తటి నీళ్లు. వాడు కొలిచి కొలిచి ఖనిజాలు కలుపుకుంటాడు.

అప్పుడు నవ్వుకున్నాను. మార్చిలో కుండ మొదలుపెట్టాక వాడి బాధ నాకు అర్థమైంది. కుండ తెచ్చి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, చాలా ఏళ్ల తర్వాత మా ఇంట్లో గిన్నెలో అన్నం వండి గంజి వార్చాను. అత్తగారు వంటగది గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఇంకొంచెం పలచగా... ఆఁ, చాలు" అంటూ చెప్పారు. నాలుగు రోజులైనా కుండ పులవలేదు. అత్తగారు చెయ్యి పెట్టి చూసి, "చలేస్తోంది దీనికి" అన్నారు. హాల్లో ఏసీ వేస్తే వంటగది దాకా చల్లబడుతుంది మరి. పులియబెట్టే సూక్ష్మజీవులు వెచ్చదనంలోనే చురుగ్గా పనిచేస్తాయి, చల్లగా ఉంటే బద్ధకిస్తాయి. అవి త్వరగా పులుపు పుట్టిస్తేనే చెడగొట్టేవి దగ్గరికి రాలేవు. ఆ కుండలో గంజి పారబోయించి, కడిగి ఎండబెట్టించి, యుటిలిటీ బాల్కనీలో నీడపట్టున పెట్టించారు. ఈసారి మూడో రోజు పొద్దున్నే మూత తీసేసరికి పుల్లటి, శుభ్రమైన వాసన వచ్చింది. మజ్జిగకీ దోసెల పిండికీ మధ్యలో ఉండే వాసన. అత్తగారు ఒక చెంచాడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నారు. "మా ఊరి బావి నీళ్ల రుచి లేదు గానీ, ఇది తరవాణే" అన్నారు. ఆ పూట చిన్న గిన్నెడు అన్నం తిన్నారు. మర్నాడూ తిన్నారు.

ఆవిడ తింటుంటే మా వారి మొహం చూడాలి. చిన్నప్పుడు ఆయనా తిన్నారట. ఉత్సాహం పట్టలేక, "ఇకనుంచి మనింట్లో ఈ కుండ ఆగకూడదు. ఇదీ మన సంప్రదాయం!" అన్నారు.

ఆగకూడదు సరే, ఎవరు ఆగకుండా చూడాలి? నేను పైకి అనలేదు గానీ లెక్క వేసుకున్నాను. రోజూ విడిగా గంజి వార్చాలి. కుండ అంచులు తుడవాలి. పాత తరవాణి కాస్త అట్టేపెట్టి మిగతాది వంచాలి. అన్నం ఎక్కువైతే మురిగిపోతుంది, తక్కువైతే పలచబడుతుంది. ఊరెళ్లడానికి లేదు.

నా మనసులో మాట అత్తగారే అన్నారు. "ఒరేయ్ నాన్నా, ఆ కుండని పద్దెనిమిదేళ్లు నేను మోశాను. మా అమ్మకి జబ్బు చేస్తే పుట్టింటికి వెళ్లి రెండు రాత్రులున్నాను, అంతే. కుండ చూసేవాళ్లు లేరని మీ నాయనమ్మ కబురు పెట్టింది. మీ నాన్న కుక్కర్ తెచ్చిన రోజు ఆ కుండని నేనే తీసుకెళ్లి పెరట్లో పారబోశాను. పీడా వదిలిందనుకున్నాను."

మేమిద్దరం నిశ్శబ్దంగా ఉండిపోయాం. కాసేపటికి నేనే అడిగాను, "మరి ఇప్పుడెందుకు కావాలనిపించింది అత్తయ్యా?"

"తినాలనిపించిందే. చెయ్యాలనిపించలేదుగా" అన్నారు, నవ్వుతూ.

ఆగిపోయిన పాత వంటల గురించి మనం చాలా తేలిగ్గా బెంగపడతాం. కాలం మారిందనో, పిల్లలకి రుచి తెలియదనో అనుకుంటాం. కొన్నిటిని ఆపింది మాత్రం, వాటిని రోజూ చేసి చేసి అలసిపోయిన ఆడవాళ్లే. వాళ్లకి ఆ హక్కు ఉంది. కుక్కర్, ఫ్రిజ్ వచ్చినప్పుడు వాళ్లకి దొరికిన ఆ అరగంట ఎంత విలువైనదో, ఈ మధ్య సూపర్ మార్కెట్లో కొంబుచా సీసా కొనుక్కుని తాగే మనకి తెలియదు.

ఆ ఆదివారం ఈ సంగతి చెప్తే మా అబ్బాయి ఒక విషయం చెప్పాడు. స్కాట్లండ్‌లో కూడా బీరు ఒకప్పుడు ఆడవాళ్ల వంటింటి పనేనట. 1509లో అబర్డీన్ పట్టణంలో బీరు కాసేవాళ్లు 150 మందికి పైగా ఉంటే అందరూ ఆడవాళ్లే. పెద్ద వ్యాపారం అయ్యాక అది మగవాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది. హెదర్ అనే కొండపువ్వులతో చేసే బీరు ఒకటుంది. దాని రహస్యం చివరి మనిషితోనే పోయిందని స్టీవెన్‌సన్ పద్యకథ కూడా రాశాడు. 1980ల చివర్లో గ్లాస్గోలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకి సామాను అమ్మే ఒక కొట్టుకి, గేలిక్ మాట్లాడే ఒకావిడ తమ ఇంటి పాత తయారీ విధానం పట్టుకుని వచ్చిందట. ఆ కొట్టు యజమాని బ్రూస్ విలియమ్స్ దాంతోనే ఆ బీరుని మళ్లీ తయారుచేసి, 1990ల మొదట్లో అమ్మకానికి పెట్టాడు. ఇప్పటికీ 'ఫ్రేఖ్' అనే పేరుతో దొరుకుతుంది. "పోయిందనుకున్నది ఒకావిడ ఇంట్లో కాగితం మీద ఉందన్నమాట" అన్నాడు వాడు.

"కాగితం ఆవిడది, డబ్బా మీద పేరు ఆయనదీ" అన్నాను. వాడు నవ్వాడు. పక్కనుంచి వింటున్న మా వారు నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి వంటగదిలో చప్పుడైతే వెళ్లి చూశాను. ఆయన సిబ్బితో కుస్తీ పడుతున్నారు. వేళ్ల మీద ఆవిరి తగిలి ఉస్సుమంటున్నారు. అత్తగారు కుర్చీలో కూర్చుని, "గుడ్డతో పట్టుకోరా" అంటున్నారు. నేను కాఫీ కలుపుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాను. అప్పట్నుంచి కుండ ఆయనదే. ఆఫీసుకి ఇంటి నుంచి పనిచేసే రోజైనా, మైండ్‌స్పేస్ దాకా వెళ్లే రోజైనా, ముందు గంజి, తర్వాతే లాప్‌టాప్. ఏప్రిల్లో మూడు రోజులు బెంగళూరు వెళ్లాల్సొచ్చింది. "కుండ సంగతి?" అని నా వైపు చూశారు. నేను సీసా చూపించాను. తరవాణి ఒక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే పులుపు నెమ్మదిస్తుంది. వచ్చాక కొత్త గంజిలో అది కలిపితే కుండ మళ్లీ లేచి కూర్చుంటుంది. అత్తగారికి దొరకని సెలవు ఇప్పుడు కుండకి దొరికింది.

అత్తగారు పూర్వంలా తింటున్నారని చెప్పను. ఒక్కోరోజు నాలుగు ముద్దలే. కానీ ఏడింటికల్లా లేచి, జడ వేయించుకుని, కొడుకు గంజి ఎలా వారుస్తున్నాడో చూడ్డానికి వంటగది గుమ్మంలోకి వస్తున్నారు. ఒకరోజు కుండ మూత తీసి వాసన చూసి, "మా అమ్మ ఇందులో దబ్బాకు వేసేది" అన్నారు. వాళ్లమ్మ గురించి ఇన్నేళ్లలో నా దగ్గర ఆవిడ మాట్లాడింది తక్కువ. ఆ పూట చాలాసేపు మాట్లాడారు.

పాత బ్రూవరీల ఈస్ట్‌ని దాచిపెట్టడానికి ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో ఒక బ్యాంకే ఉందట. మనకి అలాంటిది ఉందా అని అబ్బాయి అడిగితే అత్తగారు, "పక్కిల్లు ఉండేది కదరా" అన్నారు. మన కుండ పాడైతే పక్కింటి నుంచి చెంబుడు తెచ్చుకునేవాళ్లట, పెరుగుకి తోడు తెచ్చుకున్నట్టే.

మొన్న ఏడో అంతస్తులో ఉండే ఒకమ్మాయి వచ్చి, వాళ్లమ్మమ్మ కూడా ఇదే అడుగుతోందని, కొంచెం ఇవ్వమంది. సీసా నింపి, చేసే పద్ధతి చెప్తున్నాను. మధ్యలో మా అత్తగారు లోపల్నుంచి కేకేశారు.

"ముందు వాళ్లింట్లో గంజి ఎవరు వారుస్తారో కనుక్కోవే!"