తూలినా పడలేదు

ఇంగ్లీషంటే మాకు హడల్. మైపాడు పక్క పల్లెల నుంచీ, బకింగ్‌హాం కాలువ గట్టు మీది కాలనీల నుంచీ వచ్చినవాళ్ళం మరి. తొమ్మిదో తరగతిలో ఒకరోజు స్టడీ అవర్‌లో ట్యూషన్ సారు బోర్డు మీద 'స్టాగర్' అని రాసి, అర్థం తెలుసా అన్నారు. వెనక వరసలోంచి ఒకడు లేచి తాగుబోతులా తూలుతూ నడిచి చూపించాడు. గదంతా ఘొల్లుమంది. మాలో ఒకడు మాత్రం తలొంచుకున్నాడు. కిందటి ఆదివారమే వాళ్ళ నాయన తూలుకుంటా హాస్టల్ గేటు దాకా వచ్చాడు. "ఎవరో దారినపోయే మనిషి సార్" అని వాడు వార్డెన్ గారితో అనడం మేమందరం విన్నాం.

సారు కోప్పడలేదు. మన జిల్లాలోని దూబగుంట కథ చెప్పారు. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలో సారా మీది పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. "వాళ్ళు చదువుకున్న మాటతో ఊరిని బాగుచేసుకున్నారు. మీరు నేర్చుకున్న మాటతో ఎవర్ని ఎగతాళి చేస్తున్నారు?" అన్నారు సారు. అందరం కిమ్మనకుండా కూర్చున్నాం.

తర్వాత ఒక్కో మాటా విడదీసి చెప్పారు. కాలికి రాయి తగిలి ముందుకు తూలితే 'స్టంబుల్'. చంటిబిడ్డ తప్పటడుగులు, ముసలమ్మ వణికే అడుగులు 'టాటర్'. అల తగిలి పడవ ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగితే 'లర్చ్'. సైకిలు చక్రం వంకర పోయి అటూ ఇటూ ఊగితే 'వాబుల్'. 'స్టాగర్' తాగినవాడికే కాదు. జ్వరంతో లేచినవాడు, దెబ్బ తిన్నవాడు, మోయలేని బరువు ఎత్తుకున్నవాడు కూడా స్టాగర్ అవుతారు. చెడ్డ కబురు విని నిర్ఘాంతపోయినా 'స్టాగర్డ్' అనే అంటారు. ఇంకో వాడుక మాకు భలే నచ్చింది. అందరూ ఒక్కసారే ఎగబడకుండా వేళలు విడగొట్టడం కూడా 'స్టాగర్' చెయ్యడమే. మా బోరింగు దగ్గర పొద్దున స్నానాలకు వార్డెన్ గారు తరగతివారీగా పెట్టిన వంతులు అవే! ఆ రోజు నుంచి స్నానానికి పోతూ "స్టాగర్‌కి పోతున్నాం" అనేవాళ్ళం.

వారం తర్వాత సొంత వాక్యాలు రాయమన్నారు. తలొంచుకున్నవాడు రాసింది సారు పైకి చదివారు. "మై మదర్ స్టాగర్డ్ అండర్ ది ఫిష్ బాస్కెట్, బట్ షీ డిడ్ నాట్ ఫాల్." చేపల గంప బరువుకు వాళ్ళమ్మ తూలింది గానీ పడలేదు. ఆ గంప మీదే వాడి పుస్తకాలూ, చెల్లి చదువూ నడిచాయని మాకు తెలుసు. ఎవరం నవ్వలేదు. తూలి చూపించినవాడే ముందుగా చప్పట్లు కొట్టాడు.

తర్వాతి ఆదివారం వాళ్ళ నాయన మళ్ళీ వచ్చాడు. అప్పుడూ తాగే ఉన్నాడు. ఈసారి వాడు గేటు దగ్గరకు పోయి, "మా నాయన సార్" అని చెప్పి, చెయ్యి పట్టుకుని వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. మేము చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాం.

తమ్ముళ్ళూ, పదో తరగతి దాకా మేమూ లెక్కల్లో తూలాం, ఇంగ్లీషులో తూలాం. పక్కవాడు చెయ్యి అందిస్తే నిలబడ్డాం. మీరూ ఒకరికొకరు చెయ్యి అందించుకోండి.