గుట్టు ఎవరిది? లంక ఎవరిది?

సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో దొరికిన లోపాన్ని జనానికి చెప్పాలా, గప్‌చుప్‌గా సర్దుకోవాలా అన్న గొడవ నాకు పుస్తకాల్లోది కాదు. 2021 డిసెంబర్‌లో నేను సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నాను. "మీ సిస్టంలో లాగ్‌ఫోర్‌జే ఉంది, జాగ్రత్త" అని క్లయింట్లకు మెయిల్ పెడదామంటే మా మేనేజర్ గారు నవ్వి సామెత చెప్పారు: ఇంటిగుట్టు లంకకు చేటు. మెయిల్ వెళ్లలేదు. క్లయింట్లే వార్తలు చూసి ఫోన్లు చేశారు.

సామెతలు నాకూ వచ్చు. లంక ఎవరిది సార్, అని అడిగాను. జవాబు లేదు.

జావా ప్రోగ్రాములు చేసిన పనికల్లా చిట్టా రాసుకోవడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లాగ్‌ఫోర్‌జే. ఎవరైనా లాగిన్ గడిలో ఒక ప్రత్యేకమైన వరస టైపు చేస్తే చాలు, అందులోని బయటి చిరునామాకు వెళ్లి అక్కడి కోడ్ తెచ్చి నడిపేసేది. ఇన్‌వర్డ్ రిజిస్టర్ రాసే గుమాస్తా, వచ్చిన ఉత్తరాన్ని నమోదు చేసుకోవాల్సింది పోయి, అందులో ఏం రాసుంటే అది చేసేస్తే ఎలా ఉంటుంది? అలాంటిది. తీవ్రత 10కి 10.

కనిపెట్టింది అలీబాబా క్లౌడ్‌లో పనిచేసే చెన్ ఝావోజున్. నవంబర్ 24న అపాచీ సంస్థకు రహస్యంగానే రాశారు. అక్కడ దాన్ని చూసుకునేది ఎక్కువగా వాలంటీర్లు. వాళ్లు సవరణ పనిలో ఉండగానే డిసెంబర్ 9న విషయం బయటికి పొక్కింది. అయితే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తన పాత రికార్డులు తిరగేస్తే డిసెంబర్ 1 నుంచే దాన్ని ఎవరో వాడిన ఆనవాళ్లు దొరికాయి. దొంగకు ముందే తెలుసు. తెలియనిది ఇంటివాళ్లకే.

ఇక చెన్ కంపెనీకి దక్కిందేమిటి? మాకు ముందుగా ఎందుకు చెప్పలేదని చైనా పరిశ్రమలు, సమాచార సాంకేతిక శాఖ ఆ కంపెనీతో భాగస్వామ్యాన్ని 6 నెలలు ఆపేసింది. లోపం సంగతి తర్వాత, ముందు ఎవరి గడప తొక్కావన్నదే లెక్క. పెద్దమనుషులను కాదని స్టేషన్ మెట్లెక్కిన మా వాడల వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

కనిపెట్టిన రోజే అరవమని నేను అనను. గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు మామూలుగా 90 రోజుల గడువిస్తారు. సవరణ రాకపోయినా ఆ తర్వాత బయటపెడతారు. గడువుకు ఒక తేదీ ఉండడమే నాకు నచ్చింది.

చెప్పినా విననివాళ్లుంటారు. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ లోపం సవరణతో సహా బయటికొచ్చింది. అమెరికాలో జనం అప్పుల చరిత్ర దాచిపెట్టుకునే ఈక్విఫాక్స్ ఒక పోర్టల్‌కు ఆ సవరణ వేయలేదు. మే నుంచి జూలై దాకా దొంగలు లోపలే ఉన్నారు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ వివరాలు కంపెనీకి ఇచ్చింది ఎక్కువగా బ్యాంకులు, అప్పులిచ్చేవాళ్లు. గుట్టు జనానిది, లంక కంపెనీది. ఆ మార్చి తేదీ లోకానికి తెలుసు కాబట్టే "మాకు తెలియదు" అనే వీల్లేకపోయింది. 2019లో కనీసం 57.5 కోట్ల డాలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు లోపం వెతికినవాడిని ఏ కళ్లతో చూస్తాయో వచ్చే భాగంలో రాస్తాను.