బొగ్గుబాయికీ ఓ పుట్టినరోజు

పుట్టినరోజులు మనుషులకే కాదు, కంపెనీలకీ ఉంటాయి. కేకు కోసి ఫొటోలు దిగితే అది ఆఫీసు పండగ. ఆరోజు కోసం కార్మికుడి ఇంట్లో పిల్లలు కూడా ఎదురుచూస్తే... అది అందరి పండగ. ఒకటి రెండోదిగా మారాలంటే ఏం కావాలో సింగరేణి కథ చెబుతుంది.

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తుంటే ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు... అన్నీ బొగ్గు ఊళ్లే. అక్కడి ఇళ్లలో పొద్దు గడియారాన్ని బట్టి కాదు, షిఫ్టుని బట్టి నడుస్తుంది. నాన్నది ఫస్ట్ షిఫ్టయితే తెల్లవారకముందే పొయ్యి వెలగాలి. నైట్ షిఫ్టయితే పగలంతా పిల్లలు గుసగుసగా మాట్లాడుకోవాలి. ఇంతగా ఇంటిని ఆడించే ఆ బాయి ఎలా ఉంటుందో మాత్రం ఇంట్లోవాళ్లలో చాలామంది చూసి ఉండరు. ఆయన క్షేమంగా పైకి వచ్చాడా, లేదా... వాళ్లకి కావాల్సింది అంతే.

ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. 1920 డిసెంబర్ 23న ‘సింగరేణి కాలరీస్’ పేరుతో కంపెనీ ఏర్పడింది. ఏటా అదే తేదీన సింగరేణి డే జరుపుతారు. 2016 వరకూ ఖమ్మం జిల్లాలో ఉండి, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కేంద్రమైన కొత్తగూడెంలోనే కంపెనీ ప్రధాన కార్యాలయం. ఆరోజు జెండా ఎగరేస్తారు. ఉత్తమ కార్మికులకు సన్మానాలు చేస్తారు. స్టాళ్లు, ఆటపాటలు సరేసరి.

సమ్మెల నుంచి సంబరాల దాకా...

ఇదంతా ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటే. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులున్న ఆ సంస్థలో చిన్నాపెద్దా కలిపి సమ్మెలు ఏడాదికి వందల్లో జరిగేవి. ఒక బాయిలో మాటామాటా పెరిగితే చాలు, పని ఆగిపోయేది. నష్టాలు పేరుకుని ఆ దశాబ్దంలోనే కంపెనీ రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గుమ్మం తొక్కింది. అలాంటి చోట ఎన్ని షామియానాలు వేసి, ఎన్ని మిఠాయిలు పంచితే మాత్రం ఏం లాభం? కడుపులో కోపం పెట్టుకుని ఎవరు చప్పట్లు కొడతారు?

అందుకే మార్పు వేదిక మీంచి మొదలవలేదు. 1998లో రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు. తమ తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికులే తేల్చుకున్నారు. తర్వాత లాభాల్లో కొంత శాతం పంచే ఆనవాయితీ వచ్చింది. 2023-24 సంవత్సరానికైతే విస్తరణ కోసం పక్కన పెట్టింది పోగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికుల వాటాగా ప్రకటించారు. ముందు మాట వినటం, ఆపైన వాటా ఇవ్వటం... ఆ రెండూ ఉన్నచోట పండగ చేస్తే దానికో అర్థం ఉంటుంది.

నగరాల్లోని కంపెనీలు ఫ్యామిలీ డే అనీ, టీమ్ లంచ్ అనీ ఏవేవో చేస్తుంటాయి. మంచిదే. కానీ ఏడాదంతా పలకరించని పైఅధికారి ఆ ఒక్కరోజు భుజం తడితే ఉద్యోగికి వచ్చేది ఆనందం కాదు, అనుమానం!

ఆటలో అరటిపండు కాదు

వేడుకంటే పాటలూ డాన్సులే అనుకోనక్కర్లేదు. గనుల్లో ఏటా రక్షణ పక్షోత్సవాలు జరుగుతాయి. ప్రథమ చికిత్స పోటీలు, రెస్క్యూ పోటీలు పెడతారు. స్ట్రెచర్ మీద పడుకున్నవాడికి జట్టువాళ్లు చకచకా కట్లు కడుతుంటే చూసేవాళ్లకి అది పోటీ. కట్టేవాళ్లకి మాత్రం అది బతుకు. రేపు భూమి లోపల పైకప్పు విరిగిపడితే ముందు చేయందించాల్సింది పక్కన పనిచేసేవాడే. మనిషికి మనిషి మీద నమ్మకం పెంచటానికి ఇంతకంటే మంచి కార్యక్రమం ఉంటుందా?

తలంబ్రాలు చెప్పే పాఠం

అయినా ఒక లోటు మిగులుతుంది. బొగ్గుబాయి పండగరోజూ ఆగదు. స్టేడియంలో పాటలు మోగుతున్నప్పుడు సెకండ్ షిఫ్టువాళ్లు లోపలే ఉంటారు. అదే బొగ్గు పనుల్లో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుల సంగతో? పర్మినెంటువాళ్లకి ఏళ్ల తరబడి లాభాల వాటా అందుతున్నా, వీళ్లకి బోనస్‌గా తలా 5 వేల రూపాయలు మొదటిసారి ప్రకటించింది 2024లో. ఆ మొత్తం వాటాతో పోలిస్తే చిన్నదే. కానీ ‘మీరూ మావాళ్లే’ అన్న మాట వినటానికి వాళ్లకి అన్నాళ్లు పట్టింది.

ఈ విషయంలో కంపెనీలు నేర్చుకోవాల్సింది పక్కనే ఉన్న భద్రాచలం నుంచి. శ్రీరామనవమి నాడు రాములవారి కల్యాణానికి అందరూ వెళ్లలేరు. వెళ్లినవాళ్లు మాత్రం వెళ్లలేనివాళ్ల కోసం తలంబ్రాలు కొంగున కట్టుకుని తెస్తారు. 2022 నుంచి ఆర్టీసీ కార్గో కూడా వాటిని ఇళ్లకి చేరుస్తోంది. పెళ్లి చూడలేకపోయినా ఇంట్లో నాలుగు గింజలుంటే చాలు, తమనీ పిలిచినట్టే అనిపిస్తుంది.

కంపెనీ వేడుకకీ అలాంటి తలంబ్రాలు కావాలి. డ్యూటీలో ఉన్నవాళ్లకి అదే భోజనం బాయి దగ్గరికే పంపొచ్చు. సన్మానం అందుకునేవాళ్లలో ఊడ్చేవాళ్లూ, లారీ నడిపేవాళ్లూ ఉండొచ్చు. ముందు వరస కుర్చీల్లో కొన్ని కార్మికుల తల్లిదండ్రులకి కేటాయించొచ్చు. వీటికి పెద్దగా ఖర్చేం కాదు, మనసుంటే చాలు.

ఇంతకీ పండగ బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? వేదికెక్కినవాళ్లని అడిగితే తెలియదు. మర్నాడు క్యాప్‌ల్యాంపు తగిలించుకుని ఫస్ట్ షిఫ్టుకి దిగేవాళ్లని అడగాలి!